పేరు తెలుగులో, పని ఇంగ్లీషులో

ఈ వారం కొత్త పాఠం లేదు. ఒక వాదన ఉంది.

మాయలూ మంత్రాలూ ఉండే కార్డుల ఆటకి సొంతంగా కార్డులు తయారుచేసే వాళ్ళు మనలో కొంతమంది ఉన్నారు. నేనూ ఒకదాన్ని. మనం చేసే కార్డులన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. పైన పేరు తెలుగులో రాస్తాం: బేతాళుడు, బ్రహ్మరాక్షసుడు, నేపాళ మాంత్రికుడు. మధ్యలో బొమ్మ గీస్తాం. కింద ఒక గడి ఉంటుంది. ఆ ముక్క ఆటలో ఏం చేస్తుందో అక్కడ రాయాలి. ఆ గడిలోకి వచ్చేసరికి ఇంగ్లీషు మొదలవుతుంది.

నేను పెరిగింది మస్కట్‌లో. నా పేరు తెలుగు. మా ఇంట్లో కూరల పేర్లు తెలుగు, పండగల పేర్లు తెలుగు. కానీ తమ్ముడితో పోట్లాడితే ఇంగ్లీషు, లెక్క చెప్పాలంటే ఇంగ్లీషు, కడుపునొప్పి గురించి డాక్టరుకి చెప్పాలన్నా ఇంగ్లీషే. పేరు తెలుగులో, పని ఇంగ్లీషులో. మొదటి పదిహేను కార్డులు చేశాక వాటిని బల్ల మీద పరిచి చూస్తే, అవి అచ్చం నాలాగే ఉన్నాయి.

అందుకే నా వాదన ఇది. పేరు ఏ భాషలో ఉన్నా పరవాలేదు. పని మాత్రం తెలుగులో రాయండి.

ఎందుకో చెప్పడానికి ఒక పాత ముక్క గురించి చెబుతాను. రిచర్డ్ గార్‌ఫీల్డ్ తయారుచేసిన ‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’ 1993లో వచ్చింది. అదే సంవత్సరం డిసెంబరులో దానికి మొదటి అదనపు కట్ట వచ్చింది. దాని పేరు ‘అరేబియన్ నైట్స్’. అందులో సింద్‌బాద్ ఒక ముక్క. ఒమన్‌లో ఉండేవాళ్ళకి సింద్‌బాద్ దూరపు చుట్టం కాదు. అతను సొహార్‌లో పుట్టాడని ఇక్కడ చెప్పుకుంటారు. మస్కట్‌లో అల్ బుస్తాన్ రౌండబౌట్ దగ్గర ‘సొహార్’ అనే ఓడ ఉంది. టిమ్ సెవెరిన్ అనే సాహసయాత్రికుడు దాన్ని ఒమన్‌లోని సూర్ ఊళ్ళో కట్టించాడు. దానికి మేకులు కొట్టలేదు. పలకలని కొబ్బరితాడుతో కుట్టారు. కలప కేరళ వైపు నుంచి, తాడు లక్షద్వీప్ నుంచి వచ్చాయి. 1980లో మస్కట్‌లో బయలుదేరి 1981లో చైనా చేరింది. చిన్నప్పుడు కారులో అటు వెళ్ళినప్పుడల్లా నేను కిటికీ వైపు కూర్చునేదాన్ని.

ఇప్పుడు ఆ ముక్క చేసే పని చూడండి. సింద్‌బాద్‌ని వాడితే ఒక కొత్త ముక్క తీసి అందరికీ చూపించాలి. అది ‘నేల’ ముక్క అయితే మీ దగ్గర ఉంచుకోవచ్చు. కాకపోతే పారెయ్యాలి. అంతే. నావికుడు నేల కోసం వెతుకుతున్నాడు. దొరికితే సంతోషం, దొరకకపోతే చేతికి వచ్చింది కూడా నీళ్ళలోకి పోతుంది. కథ చెప్పడానికి ఒక్క విశేషణం కూడా వాడలేదు. కథ అంతా పని రాసే గడిలోనే ఉంది. ఆ గడిని ఇంగ్లీషుకి వదిలేస్తే కథని కూడా వదిలేసినట్టే.

నేను దాన్ని ఇంట్లో ఇలా రాసుకున్నాను: అడ్డంగా తిప్పు. ఒక ముక్క తీసి అందరికీ చూపించు. అది నేల అయితే ఉంచుకో, కాకపోతే పారెయ్యి. దీనికి నాకు ఒక సాయంత్రం పట్టింది. కానీ ‘అయితే’, ‘కాకపోతే’ అనే జంట ఆ రోజు నుంచి నన్ను వదలలేదు. ఇంకో సంగతి గమనించాను. తెలుగులో షరతు ముందు వస్తుంది, ఫలితం వాక్యం చివర వస్తుంది. ఆటలో కూడా అంతే, ముందు ఖర్చు పెట్టాలి, తరువాత ఫలితం వస్తుంది. ఈ పనికి మన వాక్యం బాగా సరిపోతుంది. ఇంగ్లీషు వాక్యాన్ని పక్కన పెట్టుకుని మాట మాటకీ మారిస్తేనే ఇబ్బంది.

రెండో కారణం నా తప్పుల నుంచి వచ్చింది. ఎక్కడైనా వ్యాసంలో తప్పు రాస్తే చదివేవాళ్ళు మర్యాదగా ఊరుకుంటారు. కార్డు మీద తప్పు రాస్తే ఆట ఊరుకోదు.

పోయిన డిసెంబరులో తాతయ్య రాజమండ్రి వైపు నుంచి రెండు నెలలు ఉండడానికి వచ్చారు. ఆయనకి రమ్మీ బాగా వచ్చు, ఇంగ్లీషు చదవడం రాదు. మా కట్టలో అప్పటికి ముప్ఫై ముక్కలు తెలుగులో ఉన్నాయి. ఆయన కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నారు. నేను వైద్యురాలి ముక్క వేశాను. ఆమె దెబ్బతిన్న సైనికుణ్ణి బతికించాలి. తాతయ్య పైకి చదివారు: ‘ఒక సైనికుడికి ప్రాణం పోతుంది.’

ఆయన నా వైపు చూసి, “అమ్మడూ, ఈవిడ వైద్యం చేస్తుందా, చంపుతుందా?” అన్నారు.

నేను రాయాల్సింది ‘ప్రాణం పోస్తుంది’. ఒక్క అక్షరం తేడా. ‘పోయడం’ అంటే నీళ్ళు పోసినట్టు లోపలికి పొయ్యడం. ‘పోవడం’ అంటే వెళ్ళిపోవడం. పుస్తకంలో ఈ రెండు క్రియల పట్టిక నేను మూడుసార్లు చదివాను, మూడుసార్లు మరిచిపోయాను. నా సైనికుడు చచ్చిపోయాక మాత్రం మరిచిపోలేదు. తాతయ్య ఒప్పుకోలేదు కదా! కార్డు మీద ఏం రాసి ఉంటే అదే జరగాలన్నారు.

అంతకంటే పెద్ద దెబ్బ తరువాత తగిలింది. ‘దండోరా’ అని ఒక ముక్క చేశాను. మన సైనికులందరికీ ఈ వంతులో బలం రెండు పెరుగుతుంది అని రాశాను. నాకు ముగ్గురు సైనికులు, తాతయ్యకి ఐదుగురు. నేను ధైర్యంగా దాడి చేశాను. ఆయన నెమ్మదిగా తన ఐదుగురికీ రెండేసి కలిపారు.

“అవి నా వాళ్ళకి తాతయ్యా!” అన్నాను.

“మన అని రాశావుగా. మన అంటే నువ్వూ, నేనూ. నీ వాళ్ళకే అయితే మన ఎందుకవుతుంది?”

ఓడిపోయాను. ఇంగ్లీషులో ‘మన’కీ ‘మా’కీ ఒకటే మాట. అందుకే నాలాంటి వాళ్ళం ఎన్నేళ్ళు తెలుగు విన్నా ఈ రెండింటినీ కలిపేస్తాం. ఎదుటి మనిషి లోపల ఉంటే మన, బయట ఉంటే మా. ఎదురుగా కూర్చున్న మనిషిని లోపల పెడుతున్నానా, బయట పెడుతున్నానా అని ప్రతిసారీ చూసుకోవాలని నాకు ఎవరూ చెప్పలేదు. ఒక కార్డు చెప్పింది.

ఆ రాత్రి కట్ట మొత్తం తిరగరాశాం. కార్డు పట్టుకున్న మనిషితో మాట్లాడుతుంది కాబట్టి ‘నీ సైనికులు’, ‘ఎదుటివాళ్ళ సైనికులు’ అని మార్చాం. ‘వాణ్ణి వెనక్కి పంపు’ అని రాసిన చోట ‘ఆ ముక్కని వెనక్కి పంపు’ అని రాశాం. లేకపోతే రాక్షసి మీద అది పనిచెయ్యదని తమ్ముడు వాదించాడు, వాడి మాట నిజమే. ‘మన’ ఒక్క ముక్కలోనే ఉంచాం. దాని పేరు సంక్రాంతి. అది వేస్తే మనం చెరో రెండు ముక్కలు తీసుకోవాలి. ఇద్దరు ఆడితే ‘చెరో’, ముగ్గురు నలుగురు ఆడితే ‘తలా’. ఇది కూడా తాతయ్య చెప్పిందే.

మాటలు ఎక్కడ దొరుకుతాయి అని మీరు అడగవచ్చు. నేను మొదట నిఘంటువులో పెద్ద పెద్ద మాటలు వెతికాను. అనవసరం. పేకాటలో అన్నీ ఉన్నాయి. కార్డుని ‘ముక్క’ అంటారు, మొత్తాన్ని ‘కట్ట’ అంటారు. ముక్కలు కలుపుతారు, కోస్తారు, పంచుతారు, వేస్తారు. అన్నిటినీ కొట్టే ముక్క ‘తురుపు’. ఒకరి తరువాత ఒకరు ఆడితే అది ‘వంతు’. తాతయ్యకి ఈ మాటలు నేర్పాల్సిన పని లేదు, నాకు ఆయన నేర్పారు. ఇంట్లో ముక్కలు గీసుకోవడం కూడా మనకి కొత్త కాదు. నిర్మల్‌లో ఒకప్పుడు గుండ్రటి గంజిఫా ముక్కలకి చేత్తో రంగులు వేసేవారు. దశావతార గంజిఫాలో అవతారానికి పన్నెండు చొప్పున 120 ముక్కలు. బొమ్మకీ ఆటకీ మధ్య పెద్ద గోడ లేదు.

ఇక చేసే పద్ధతి. కొలత 63 మిల్లీమీటర్ల వెడల్పు, 88 మిల్లీమీటర్ల ఎత్తు. మామూలు కాగితం మీద రాసి, కత్తిరించి, ప్లాస్టిక్ తొడుగులో ఒక పాత ముక్క ముందు పెడితే చాలు, కలపడానికి గట్టిగా ఉంటుంది. ఇంగ్లీషు కోసం చేసిన నమూనా గడులు వాడకండి. మనకి గుడులు పైకి, వత్తులు కిందికి పోతాయి. వరసల మధ్య ఎక్కువ చోటు కావాలి, లేకపోతే పై వరస వత్తు కింద వరస గుడిలో దిగుతుంది. నాకు నాలుగు వరసల కంటే పట్టవు. మొదట అది బాధ అనిపించింది, ఇప్పుడు అదే మంచిది అంటాను. నాలుగు వరసల్లో చెప్పలేని పని ఆటలో కూడా గందరగోళంగానే ఉంటుంది.

ఏ బొమ్మలు వెయ్యాలి? బేతాళుడు ఉండాలి, సరే. కానీ మీరు ఉన్న చోటు కూడా ఉండనివ్వండి. నా కట్టలో ‘కుట్టిన ఓడ’ ఉంది. దానికి మేకులు లేవు కాబట్టి ఇనుము ముక్కలు దాన్ని ఏమీ చెయ్యలేవు. బహ్లా జిన్ను ఉంది. బహ్లా కోట చుట్టూ జిన్నుల కథలు చాలా ఉన్నాయి. ధోఫార్ నుంచి వచ్చే లుబాన్‌ని మా అమ్మ సాంబ్రాణి అనే పిలుస్తుంది, అందుకని ‘సాంబ్రాణి పొగ’ ఉంది: ఈ వంతులో దయ్యాలు దాడి చెయ్యకూడదు. ఇది తెలుగు ముక్కా, ఒమన్ ముక్కా అని తమ్ముడు అడిగాడు. రెండూ, మా ఇంటి ముక్క అన్నాను.

దీనికి ఒక నష్టం ఉంది, దాచను. తెలుగులో రాస్తే ఆడేవాళ్ళు తగ్గిపోతారు. నా స్నేహితుల్లో మలయాళీలు ఉన్నారు, ఒమానీలు ఉన్నారు. వాళ్ళు ఈ కట్టతో ఆడలేరు. వాళ్ళతో కొనుక్కున్న ఇంగ్లీషు కట్టతోనే ఆడతాను, అందులో తప్పేమీ లేదు. కానీ అందరికీ అర్థమయ్యే ఆట ఇప్పటికే దుకాణంలో ఉంది. ‘మ్యాజిక్’ వాళ్ళు 2001లో ఒక ప్రత్యేక ముక్కని సంస్కృతంలో వేశారు, ఇంకోదాన్ని అరబ్బీలో వేశారు. తెలుగులో వెయ్యలేదు. తాతయ్య ఆడగలిగే ఆట ఏ దుకాణంలోనూ లేదు. ఇంట్లో చేసుకోవడానికి ఇంతకంటే మంచి కారణం నాకు తెలియదు.

తాతయ్య ఫిబ్రవరిలో వెళ్ళిపోయారు. ఇప్పుడు శుక్రవారాలు ఫోను బల్ల మీద నిలబెట్టి ఆడతాం. ఆయన ముక్కలు తమ్ముడు వేస్తాడు, అందుకని ప్రతి ముక్కా వాడు పైకి చదవాలి. తప్పు చదివితే ఆయన ఆట ఆపేస్తారు. వాడికి పన్నెండేళ్ళు. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పేవాడు, నాలాగే. మొన్న ఓడిపోయే ముందు, “ఆగండి తాతయ్యా, ఇంకా నా వంతు అవ్వలేదు!” అని అరిచాడు. అది ఏ కార్డు మీదా రాసి లేదు.

ఈ వారం ఒక్క ముక్క చెయ్యండి. పని తెలుగులో రాయండి. తరువాత దాన్ని మీ ఇంట్లో పెద్దవాళ్ళ చేతికి ఇచ్చి, అక్కడ ఏం రాసి ఉందో అదే చెయ్యమనండి.