ఇయాదత్ చేస్తున్నాం, తీమార్‌దారీ మాటేమిటి?

రెండు నెలల కిందట మా మహల్లా మసీదులో ఇషా నమాజు ముగిశాక ఇమామ్ సాహెబ్ ఒక ప్రకటన చేశారు. ఎనభై ఒక్క ఏళ్ల పెద్దాయన ఒకరు పట్టణంలోని ప్రైవేటు ఆస్పత్రిలో వెంటిలేటర్ మీద ఉన్నారు, బిల్లు కట్టాలి, సోదరులు తలా కొంత సహాయం చేయాలి అని. పది నిమిషాల్లో పరచిన రుమాలు నిండిపోయింది. మేమూ మా జేబులో ఉన్నది వేశాం. మూడో రోజు ఆ పెద్దాయన జనాజా నమాజులో నిలబడ్డాం.

తర్వాత పరామర్శకు వెళ్లినప్పుడు ఆయన కోడలు గుమ్మం దగ్గర నిలబడి ఒక మాట అన్నది. "మౌల్వీసాబ్, అబ్బాజాన్ రెండేళ్లు మంచంలోనే ఉన్నారు. వీపు మీద పుండ్లు పడ్డాయి. డైపర్లకు, మందులకు మా దగ్గర డబ్బు లేదని ఎవరికీ చెప్పుకోలేకపోయాం. ఆస్పత్రి బిల్లుకైతే అడగవచ్చు గానీ, దీనికి ఎలా అడుగుతాం?"

ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. ఆ పెద్దాయన చివరి వారం రోజులకు లక్షలు ఖర్చయ్యాయి. అంతకు ముందటి రెండేళ్లకు ఎవరి దగ్గరా పైసా లేదు. ఇది ఆ ఒక్క ఇంటి సంగతి కాదు. ప్రభుత్వం ఇచ్చే బీమా, పెద్దల పేర మనం తీసే సదఖా, బంధువులు చేసే అప్పులు అన్నీ ఇదే దారిలో పోతున్నాయి. ఆస్పత్రి గడప దాటితే డబ్బు కదులుతుంది. ఇంట్లో మంచం మీద ఉన్నంత కాలం కదలదు.

మన ఉర్దూలో రెండు మాటలున్నాయి. రోగిని చూడటానికి వెళ్లడం ఇయాదత్. రోగికి దగ్గరుండి సేవ చేయడం తీమార్‌దారీ. ఇయాదత్‌లో మనకు లోటు లేదు. పెద్దవాళ్లు మంచాన పడ్డారంటే పళ్లు పట్టుకుని ఇంటినిండా జనం చేరతారు, దుఆ చేస్తారు, ఆ ఇంటి ఆడవాళ్ల చేత రెండు విడతలు చాయ్ పెట్టించుకుని వెళతారు. పెద్దాయనను పక్కకు తిప్పాల్సిన సమయం వచ్చేసరికి గదిలో మిగిలేది కోడలో, పెళ్లికాని కూతురో, తానే డెబ్బై దాటిన భార్యో. తల్లిదండ్రుల ముసలితనం గురించి సూరె బనీ ఇస్రాయీల్‌లో ఉన్న ఆదేశాన్ని జుమా బయాన్‌లలో ఎన్నోసార్లు విన్నాం. అందులో సంబోధన సంతానానికి. ఫిఖా ప్రకారం అత్తమామల సేవ కోడలి మీద ఫర్జ్ కాదు, ఆమె చేస్తే అది ఆమె ఔదార్యం. ఈ సంగతి బయాన్‌లలో చాలా అరుదుగా వినబడుతుంది. కొడుకులు ముందు వరసలోనే కూర్చుని ఉంటారు మరి!

దేశంలో ముసలివారి సంఖ్య ఎంత వేగంగా పెరుగుతోందో చూడండి. 2011 జనాభా లెక్కల ప్రకారం అరవై దాటినవారు 10.38 కోట్లు. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022 నాటికే వారు 14.9 కోట్లు, అంటే నూటికి పది మందికి పైగా. 2050 నాటికి ప్రతి ఐదుగురిలో ఒకరు అరవై దాటినవారే అవుతారని ఆ నివేదిక అంచనా. దక్షిణాది రాష్ట్రాల్లో ఈ నిష్పత్తి దేశ సగటు కంటే ఎక్కువ. మన ఇళ్లలో దీనికి మరో బాధ తోడైంది. సంపాదించే కొడుకు గల్ఫ్‌లోనో, హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో ఉంటాడు. డబ్బు పంపగలడు, చేతులు పంపలేడు.

మంచాన పడ్డవారి సేవ ప్రేమతో మాత్రమే జరిగే పని అనుకుంటాం. ప్రేమ ఉండాలి, దానితో పాటు పని తెలియాలి. మనిషి కదలకుండా ఒకే పక్కన పడుకుంటే ఎముక ఒత్తుకునే చోట, అంటే నడుము కింద, మడమల దగ్గర, రక్తం ఆడక చర్మం చచ్చిపోతుంది. పుండు అలా పుడుతుంది. దాదాపు రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతూ, చర్మాన్ని తడి లేకుండా ఉంచి, గాలి పరుపు వేస్తే చాలావరకు రాకుండా ఆపవచ్చు. వచ్చాక మాన్పడానికి నెలలు పడుతుంది. మింగడం కష్టమైనవారిని వెల్లకిలా పడుకోబెట్టి జావ పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. లేపి కూర్చోబెట్టి కొద్దికొద్దిగా ఇవ్వాలి. ఒక నర్సు ఇంటికి వచ్చి ఒక పూట చూపిస్తే వచ్చే విద్యలు ఇవి. చూపించేవారు లేక మన ఇళ్లలో ఎందరో నిష్కారణంగా బాధపడుతున్నారు.

ఇక్కడ మా వృత్తికి సంబంధించిన ముచ్చట ఒకటి. మూత్రం గొట్టం పెట్టిన పెద్దలు చాలామంది "నా నమాజు పోయింది" అని కన్నీళ్లు పెట్టుకుంటారు. పోలేదు. అలాంటివారు షరీఅత్ దృష్టిలో మాజూర్. హనఫీ మస్లక్ ప్రకారం ప్రతి నమాజు వేళకు ఒకసారి వుజూ చేసుకుంటే, నీళ్లు పడనివారు తయమ్ముమ్ చేసుకుంటే, పడుకుని సైగతో చదివినా నమాజు అవుతుంది. ఈ ఒక్క మాట చెబితే వారి మొహంలో కనిపించే నెమ్మది ఏ టానిక్కూ ఇవ్వలేదు. ఇయాదత్‌కు వెళ్లేవారు పళ్ల బదులు ఈ మసలా తీసుకువెళితే బాగుండు.

ఇక నొప్పి సంగతి. కేన్సర్ ముదిరిన రోగికి మామూలు మాత్రలు పనిచేయవు. మార్ఫిన్ కావాలి. అది నల్లమందు నుంచి వస్తుంది. మన దేశంలోనే మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ అనుమతితో నల్లమందు పంట పండుతుంది. ఘాజీపూర్‌లో, నీమచ్‌లో ప్రభుత్వ కర్మాగారాలున్నాయి. అయినా 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చాక లైసెన్సుల గొడవకు భయపడి ఆస్పత్రులు మార్ఫిన్ ఉంచడమే మానేశాయి. ఒక తరం డాక్టర్లు దాన్ని వాడటమే నేర్చుకోలేదు. 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్యసంస్థలు ఒకే అనుమతితో తెచ్చుకునే వీలు కల్పించింది. చట్టం మారింది గానీ భయం పూర్తిగా పోలేదు. ప్రభుత్వాల భయం సరే, మనలోనూ ఒకటుంది. "అది నషా కదా, హరామ్ కదా" అంటారు. నొప్పి తగ్గడానికి డాక్టరు కొలిచి ఇచ్చే మందు వేరు, మత్తు కోసం తీసుకునేది వేరు. అవసరానికి ఉన్న వెసులుబాటు మన ఫిఖాలో స్పష్టం. చివరి ఘడియల్లో కలిమా చదవలేకుండా మత్తులో పోతారేమో అన్నది మరో భయం. మొదటి కొద్ది రోజులు మగతగా ఉంటుంది, మోతాదు కుదిరాక చాలామంది మెలకువగానే మాట్లాడతారు. నొప్పితో మెలికలు తిరిగే మనిషికి కలిమా అందించడం ఎంత కష్టమో పక్కన కూర్చుని చూసినవారికి తెలుసు.

హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ప్రభుత్వ ఎం.ఎన్.జె. కేన్సర్ ఆస్పత్రిలో ఉపశమన వైద్యానికి ప్రత్యేక విభాగం ఉంది. నగరంలో స్పర్శ్ హాస్పిస్ ఉచితంగా ఈ సేవ చేస్తోంది. తెలంగాణ ప్రభుత్వం జిల్లాల్లో పాలియేటివ్ కేంద్రాలు పెట్టి నర్సులను ఇళ్లకు పంపే ఏర్పాటు చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలైంది. పక్షవాతం వంటి కారణాలతో పూర్తిగా మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 రూపాయలైంది. రెండోది చాలామందికి తెలియదు. తెలిసినవారు కూడా డాక్టరు ధ్రువపత్రాలు భద్రంగా పెట్టుకోవాలి, 2025లో తనిఖీలు మొదలుపెట్టారు. పెద్దల సహాయానికి 14567 నంబరు ఉంది, ఫోన్ చేయడానికి డబ్బు పడదు. డెబ్బై దాటిన ప్రతివారికీ ఆదాయంతో పనిలేకుండా కుటుంబానికి ఏటా 5 లక్షల దాకా ఆయుష్మాన్ భారత్ వర్తిస్తుందని 2024లో కేంద్రం ప్రకటించింది. మంచిదే. అయితే అది ప్రధానంగా ఆస్పత్రిలో చేరినప్పటి ఖర్చుకు. ఇంటికి వచ్చే నర్సుకు, గాలి పరుపుకు అందులో చోటు లేదు. మేము మొదట చెప్పిన చిక్కే ఇక్కడా ఉంది.

2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం గురించి రెండు మాటలు. పిల్లలు చూడకపోతే ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌లో వకీలు లేకుండా దరఖాస్తు పెట్టుకోవచ్చు. నెలకు 10,000 దాకా భరణం ఇప్పించే అధికారం దానికుంది. ఇల్లు పిల్లల పేర రాసేటప్పుడు చూసుకోవాలనే షరతు దస్తావేజులోనే రాయించడం మేలు. షరతు తప్పితే ఆ బదిలీని రద్దు చేయించే వీలు ఆ చట్టంలోని 23వ సెక్షన్‌లో ఉంది. కాని కోర్టుకెక్కే తల్లి మన సమాజంలో ఎక్కడుంది? చట్టం భరణం ఇప్పిస్తుంది, పక్కకు తిప్పే మనిషిని ఇప్పించదు.

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న వెంటిలేటర్ ప్రశ్న. పైన చెప్పిన పెద్దాయన కొడుకులు డాక్టరు ముందు నోరు మెదపలేకపోయారు. "తీసేయమంటే మేమే చంపినట్టు కాదా?" అన్నది వారి భయం. ఆ భయంలో దీన్‌దారీ ఉంది, అందుకు వారిని తప్పుపట్టం. అయితే ఉలమా ఈ విషయం మీద మౌనంగా లేరు. ఔరంగజేబు కాలంలో సంకలనమైన ఫతావా ఆలంగీరీలోనే వైద్యం మానుకుని మరణించినవానికి గునాహ్ లేదనీ, తిండి మానుకుని మరణించినవానికి ఉందనీ తేడా చూపారు. ఎందుకంటే తిండితో ఆకలి తీరడం నిశ్చయం, మందుతో నయం కావడం నిశ్చయం కాదు. 1986లో అమ్మాన్‌లో జరిగిన అంతర్జాతీయ ఫిఖా అకాడమీ సమావేశం, మెదడు పూర్తిగా, తిరిగి రాని విధంగా పనిచేయడం మానిందని నిపుణులు తేల్చినప్పుడు యంత్రం తొలగించవచ్చని తీర్మానించింది. ప్రాణం తీసే సూది వేయడం నిస్సందేహంగా హరామ్. ఫలితం లేదని తేలిన యంత్రాన్ని పెట్టకపోవడం అది కాదు. ఈ రెంటి మధ్య తేడా ఇంటింటికీ చేరాలి, ఇంట్లో ఆపద వచ్చినప్పుడు తమ ముఫ్తీని, డాక్టరును ఒకే చోట కూర్చోబెట్టి అడగాలి.

దేశ చట్టం కూడా దారి చూపింది. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు ఒక తీర్పునిచ్చింది. మతి స్థిమితంగా ఉన్నప్పుడే మనిషి తన చివరి వైద్యం ఎలా ఉండాలో రాసి పెట్టవచ్చని అందులో చెప్పింది. మొదట దానికి మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు, ఎవరూ ఆ దరి చేరలేదు. 2023 జనవరిలో దాన్ని సులువు చేశారు. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు. అయినా ఆ కాగితం చూపగానే ఎవరో యంత్రం ఆపేయరు. ఆస్పత్రిలో రెండు వైద్య బోర్డులు ఒకదాని తర్వాత ఒకటి రోగి స్థితిని పరిశీలించాకే నిర్ణయం. ఆస్తి వసియ్యత్ రాసి పెట్టుకోమని దైవప్రవక్త (సఅసం) తాకీదు చేసిన ఉమ్మత్ మనది. ఇదీ ఒక వసియ్యత్తే అనుకుంటే ఎంతో సులువు. "నొప్పి లేకుండా చూడండి, నయమయ్యే ఆశ ఉంటే అన్నీ చేయండి, లేదంటే ఇంట్లో నా వాళ్ల మధ్య ఉంచండి" అని పెద్దలే చెప్పి ఉంటే, ఆ కొడుకులు జీవితాంతం మోయాల్సిన బరువు తప్పేది. మేము మా అన్నదమ్ములతో, పిల్లలతో ఈ మాట చెప్పాం. మొదట "అశుభం మాట్లాడొద్దు" అన్నారు. తర్వాత విన్నారు.

ఇవన్నీ జరిగే పనేనా అనేవారికి కేరళను చూపించాలి. 1993లో కోజికోడ్ మెడికల్ కాలేజీలో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ తదితరులు నొప్పి నివారణకు ఒక సొసైటీ పెట్టారు. కొన్నేళ్లకు వారికి అర్థమైంది, మంచాన ఉన్నవారు ఆస్పత్రికి రాలేరని. పొరుగున ఉన్న మలప్పురం జిల్లాలో సామాన్యులకు శిక్షణ ఇచ్చి, వారానికి రెండు మూడు గంటలు తమ వీధిలోని రోగుల కోసం ఇవ్వమన్నారు. రిక్షావాళ్లు, దుకాణదారులు, టీచర్లు, గృహిణులు ముందుకొచ్చారు. చిన్న చిన్న విరాళాలతో నడిచింది. ముస్లింలు అత్యధికంగా ఉన్న జిల్లా అది. 2008లో కేరళ ప్రభుత్వం దీన్ని తన విధానంగా తీసుకుని పంచాయతీల చేత ఇంటింటి నర్సు సేవ నడిపిస్తోంది. ఏటా జనవరి 15న అక్కడ పాలియేటివ్ దినం జరుపుతారు. అక్కడ డాక్టర్ల కంటే ముందు కదిలింది పొరుగువాడు.

మన మసీదుల్లో రంజాన్ నెలలో జకాత్ లెక్కలు చూస్తాం. అర్హులైన పేద రోగుల పేర్లు ఆ జాబితాలో రాసి, ఏకమొత్తంగా కాక నెలనెలా కొంత అందేలా చేయడానికి ఏ అడ్డూ లేదు. అసలు చిక్కు ఆడవాళ్ల దగ్గర వస్తుంది. మంచాన పడ్డవారిలో వృద్ధ మహిళలే ఎక్కువ. వారికి స్నానం చేయించడానికి మగ కార్యకర్తలు పనికిరారు. మన మహల్లాలో మయ్యిత్‌కు గుస్ల్ ఇచ్చే స్త్రీలు ఉంటారు. మరణించాక చేసే ఆ సేవను బతికుండగానే చేసేలా నలుగురికి నర్సు చేత శిక్షణ ఇప్పిస్తే అన్న ఆలోచన మా కమిటీలో వచ్చింది. ఇద్దరు ఒప్పుకున్నారు. దారి ఖర్చు, రోజు కూలీ ఎవరివ్వాలన్న చర్చ ఇంకా తెగలేదు.

ప్రస్తుతానికి మసీదు వెనక గదిలో ఒక అల్మారా పెట్టాం. ఒక గాలి పరుపు, రెండు కమోడ్ కుర్చీలు, ఒక చక్రాల కుర్చీ, ఒక రిజిస్టర్. ఏ మతంవారైనా మహల్లాలో ఉన్నవారు సంతకం చేసి తీసుకువెళ్లవచ్చు. పరుపు ఇప్పుడు స్టేషన్ రోడ్డులోని ఒక వితంతువు ఇంట్లో ఉంది. దాని కోసం రిజిస్టర్‌లో మరో ఇద్దరి పేర్లు రాసి ఉన్నాయి.