నొక్కాల్సిన ఒకే ఒక్క లింక్

తెలియని నంబరు నుంచి లింక్ వస్తే నొక్కొద్దని మా అమ్మకి వారానికోసారి చెప్తుంటాను. ఈ వారం మాత్రం నొక్కి తీరాల్సిన లింక్ గురించి రాస్తున్నా. కొండ మీద దారి తప్పి, చీకటి పడి, చలికి వణుకుతున్నప్పుడు వచ్చే లింక్ అది.

ఆఫీసు పని మీద మాంచెస్టర్ వచ్చి రెండేళ్లయింది. ఇక్కడ చదువుకునే మన తెలుగు కుర్రాళ్లకి వీకెండ్ అంటే లేక్ డిస్ట్రిక్ట్, లేదంటే వేల్స్‌లోని స్నోడన్. దాని ఎత్తు 1085 మీటర్లే. మన తూర్పు కనుమల్లో అంతకన్నా ఎత్తైన కొండలున్నాయి కదా, ఇదేం లెక్క అనుకుంటారు. ఒక హుడీ, సగం చార్జింగున్న ఫోను పట్టుకుని బయల్దేరతారు. కింద ఎండగానే ఉంటుంది. పైకెళ్లాక మబ్బు కమ్మేస్తే పదడుగుల అవతల ఫ్రెండ్ కూడా కనిపించడు.

అప్పుడు 999కి ఫోన్ చేసి ముందు పోలీస్, ఆ తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని అడగాలి. కానీ కొండెక్కి వచ్చేది పోలీసులు కాదు. ఆ చుట్టుపక్కల ఊళ్లలోని టీచరో, ప్లంబరో, నర్సో. పైసా జీతం లేదు. బండ్లు, తాళ్లు, స్ట్రెచర్లు చాలావరకు విరాళాలతోనే కొంటారు. 1946లో గ్రేట్ గేబుల్ అనే కొండ మీద విల్‌ఫ్రిడ్ నాయిస్ పడిపోతే కిందికి దించడానికి నానా తిప్పలు పడ్డారు. ఆ తర్వాతి ఏడాదే రస్టీ వెస్ట్‌మోర్లాండ్ కెసిక్ ఊళ్లో రెస్క్యూ టీమ్ పెట్టాడు. (1953లో ఎవరెస్ట్‌ని మొదటిసారి గెలిచిన బృందంలో ఈ నాయిస్ కూడా ఉన్నాడు.)

ఇక లింక్ సంగతి. వేల్స్‌లోని ఆగ్వెన్ వ్యాలీ టీమ్ వాలంటీర్ రస్ హోర్ తయారుచేసిన దాని పేరు సార్‌లాక్. ఫోన్ చేసిన మనిషికి టీమ్ ఒక మెసేజ్ పంపుతుంది. అందులోని లింక్ నొక్కితే బ్రౌజర్ లొకేషన్ అడుగుతుంది. సరే అంటే చాలు, టీమ్ మ్యాప్ మీద చుక్క పడుతుంది. అంతే. యాప్ లేదు, లాగిన్ లేదు, ఓటీపీ లేదు. ఒక్క లాగిన్ పేజీ కోసం మూడు మీటింగులు పెట్టుకునే మాలాంటి వాళ్లం సిగ్గుపడాలి! 5 శాతం బ్యాటరీతో, మొద్దుబారిన వేళ్లతో ఉన్నవాడి కోసం చేస్తే సాఫ్ట్‌వేర్ ఇలాగే ఉంటుంది.

అయితే చుక్క కనిపించినంత మాత్రాన మనిషి కిందికి దిగడు. మబ్బు పడితే హెలికాప్టర్ దగ్గరికి రాలేదు, నడిచే వెళ్లాలి. 2021 ఫిబ్రవరిలో, కోవిడ్ లాక్‌డౌన్ ఉండగానే, ఇద్దరు కొండెక్కి టెంట్ వేసుకున్నారు. ఒకరికి గుండెల్లో నొప్పి. అర్ధరాత్రి వాళ్ల కోసం వెళ్లిన ప్యాటర్‌డేల్ టీమ్ వాలంటీర్ ఒకాయన దాదాపు 150 మీటర్లు జారిపడ్డాడు. వెన్నెముక బాగా దెబ్బతింది. రూల్స్ తప్పినందుకు ఆ ఇద్దరికీ పడిన ఫైన్ తలా 200 పౌండ్లు.

ఇది చెప్తే మా రూమ్‌లో ఒక తమ్ముడు "అయితే రెస్క్యూకి బిల్లు వేయాల్సిందే అన్నా" అన్నాడు. న్యాయంగానే అనిపిస్తుంది. కానీ వద్దనేది ఆ టీమ్‌లే. బిల్లుకి భయపడి జనం ఆలస్యంగా ఫోన్ చేస్తారు, అప్పటికి కాలు బెణికినవాడు కాస్తా చలికి కొయ్యబారిపోతాడు అంటారు. మనవాళ్లకి ఇంకో భయం కూడా ఉంటుంది. పోలీస్ అన్న మాట వినగానే వీసా గుర్తొస్తుంది. తమ్ముళ్లూ, దారి తప్పడం నేరం కాదు. సాయానికి బిల్లు రాదు.

బ్రిటన్‌లో ఉన్నవాళ్లు ఇప్పుడే ఇంగ్లిష్‌లో 'రిజిస్టర్' అని టైప్ చేసి 999కి మెసేజ్ పెట్టండి, వచ్చే రిప్లైలో చెప్పినట్టు చేయండి. సిగ్నల్ సరిగా లేక మాట వెళ్లని చోట మెసేజ్‌తోనైనా సాయం అడగొచ్చు. బ్యాగులో పవర్ బ్యాంక్, టార్చి, ఒక ఈల పడేయండి. నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదాలి. లింక్ నొక్కాక మాత్రం, ప్రమాదం లేని చోటైతే, అక్కడే ఉండండి. వాళ్లు నడిచొచ్చేది ఆ చుక్క దగ్గరికే.