అమ్మకానికి వచ్చిన జూలియెట్

పాత కార్ల అమ్మకం ప్రకటనలు చదవటం కొందరికి పెళ్ళి ప్రకటనలు చదవటంలాంటి వినోదం. కొనేది లేదు, చేసుకునేది లేదు. అయినా కళ్ళు అటే పోతాయి. రెంటి భాషా ఒకటే. అక్కడ "చామనచాయ, సంప్రదాయమైన కుటుంబం" అంటే, ఇక్కడ "మొదటి రంగు, మొదటినుంచీ ఒకే యజమాని" అంటారు. ఇటలీవారి పాత స్పోర్ట్సు కూపే అయితే మరో మాట తప్పకుండా వచ్చి చేరుతుంది: "పూర్తిగా పునరుద్ధరింపబడినది." ఆ ఒక్క మాటకి ధర రెట్టింపు. మరి ఆ మాట కింద ఏముంటుందో తొంగి చూడవద్దూ?

కూపే అంటే ఏమిటో రైల్లో ఫస్టుక్లాసు ప్రయాణం చేసినవారికి చెప్పనక్కర్లేదు. ఇద్దరు కూర్చుని తలుపు వేసుకునే గది. కారులోనూ అంతే. రెండే తలుపులు, ముందు ఇద్దరు. వెనక సీటంటూ ఒకటి వుంటుంది గాని, అందులో పసిపిల్లనో, పండ్ల బుట్టనో కూర్చోబెట్టాలి. అత్తగారిని కూర్చోబెడితే సంసారంలో గొడవే.

ఇలాంటి కూపేల్లో ఒకదాని కథ చెబుతాను. దాని పేరు జులియెట్టా స్ప్రింట్. చేసినవారు మిలాన్ నగరంలోని ఆల్ఫా రోమియో కంపెనీ. రోమియోగారి యింట జూలియెట్ పుట్టిందన్నమాట. ఈ రోమియో షేక్‌స్పియర్ రోమియో కాదు లెండి. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో ఆ కంపెనీని చేపట్టిన నికోలా రోమియో అనే ఇంజనీరు యింటిపేరది.

రెండో యుద్ధానికి ముందు ఆల్ఫా రోమియో కార్లు మహారాజులకీ, పందెగాళ్ళకీ తప్ప మామూలువారికి అందేవి కావు. యుద్ధంలో బాంబులు పడి ఫ్యాక్టరీ చాలా భాగం నేలమట్టమైంది. అయినా 1950లో ఫరీనా, 1951లో ఫాంజియో ఆ కంపెనీ కార్లు నడిపే ప్రపంచ ఛాంపియన్లయ్యారు. కీర్తికి లోటులేదు. కాని కీర్తితో కూలీలకి జీతాలు యివ్వలేరు గదా! అప్పటికి కంపెనీ ప్రభుత్వం చేతికింద వుండేది. పందేలు కట్టిపెట్టి, ఉద్యోగస్తుడు కొనుక్కోగల చిన్న కారు చేద్దామని నిశ్చయించారు. దానికి పెట్టుబడి కావాలి. ప్రభుత్వ సంస్థ ఫిన్‌మెకానికా జనానికి బాండ్లు అమ్మింది. వడ్డీ ఒక్కటే కాదు, బాండ్లు కొన్నవారిలో కొందరికి లాటరీలో కొత్త కారు కూడా వస్తుందని చెప్పింది.

జనం ఎగబడి కొన్నారు. కారు మాత్రం తయారు కాలేదు.

ఇంజను సిద్ధంగానే వుంది. అప్పటి చిన్న కార్లలో అలాంటిది అరుదు. 1290 సీసీలది, దిమ్మంతా అల్యూమినియం, కవాటాలు తెరవటానికి నెత్తిమీద ఒకటి కాదు, రెండు కామ్‌షాఫ్టులు. చిక్కంతా నాలుగు తలుపుల బాడీతో వచ్చింది. లోపల కూర్చున్నవారికి మోత, అదురు. ఎంత సరిచేసినా ఇంజనీర్లకి తృప్తి కలగలేదు. ఇవతల బాండ్లు కొన్నవారు మా కారేదీ అని సణగటం మొదలుపెట్టారు. పత్రికలవారికి యింతకంటె ఏం కావాలి?

అప్పుడు రుడాల్ఫ్ హ్రుస్కా అనే ఆస్ట్రియా ఇంజనీరుకి ఒక ఆలోచన తట్టింది. సంసారుల కారులో చప్పుడు వస్తే తప్పు. షికారు కారులో చప్పుడు వస్తే సంగీతం. కనుక ముందు కొద్దిగా కూపేలు చేయించి బాకీ తీరుద్దాం, నాలుగు తలుపుల కారు సంగతి తర్వాత చూద్దాం అన్నాడు. ఇల్లు పూర్తికాకపోతే ముందు పందిరి వేసి పెళ్ళి కానిచ్చేసినట్టు! టూరిన్‌లో కారు బాడీలు కట్టే బెర్తోనే అనే ఆయనకి ఆ పని అప్పజెప్పారు. ఆయన దగ్గర ఫ్రాంకో స్కాలియోనే అనే చెయ్యి తిరిగిన డిజైనరు వుండేవాడు. 1954 ఏప్రిల్‌లో టూరిన్ ప్రదర్శనలో కారు కనబడగానే బాండ్ల గొడవ అందరూ మరిచిపోయారు. వందల్లో చేద్దామనుకున్నది వేలల్లోకి పోయింది. చిన్న వర్క్‌షాపు పెద్ద ఫ్యాక్టరీ అయింది. అసలు చేయదలచిన నాలుగు తలుపుల కారు మరుసటేడు, 1955లో బయటికి వచ్చింది. అక్కని వెనక్కి పెట్టి చెల్లెలికి ముందు పెళ్ళి చేశారని మనవాళ్ళయితే గుసగుసలాడుకుందురు.

ఈ కారు అందం బొమ్మలో చూసి తెలుసుకోవలసిందే. ఒక్క మాట చెబుతాను. నగలు లేవు. ఆ రోజుల్లో అమెరికా కార్లకి రెక్కలూ, తోకలూ, గంపెడు క్రోమియమూ వుండేవి. దీనికి పైకప్పు నుంచి వెనకదాకా వంపు తిరిగిన ఒక్క గీత వుంది, అంతే. బరువు వెయ్యి కిలోలలోపు. గంటకి 160 కిలోమీటర్లు దాటి పోయేది. ఆ కాలానికి 1300 సీసీల కారు అంత వేగం పోవటం ముక్కుమీద వేలేసుకోవలసిన సంగతే.

మరి డెబ్బయ్యేళ్ళ తర్వాత ఈ జూలియెట్ "పునరుద్ధరింపబడి" అమ్మకానికి వస్తే ఏం చూడాలి?

మొదట ఇనుము సంగతి. ఆ రోజుల్లో తుప్పు పట్టకుండా రేకుకి చేసే సంరక్షణ బహుస్వల్పం. పైగా ఈ కారుకి కింద వేరే చట్రం అంటూ లేదు. బాడీయే దానికి ఎముకలగూడు. తలుపుల కింద బోలుగా వుండే దూలంలాంటి భాగం దానికి వెన్నెముక. అక్కడ నీళ్ళు చేరి లోపలినుంచి తినేస్తాయి. బొంబాయిలో తయారై మన వీధుల్లో తిరిగిన ఫియట్ 1100 కూడా యిదే పద్ధతి కారు. దాన్నే తర్వాత ప్రీమియర్ పద్మిని అన్నాం. ఆ కారు వున్న యింటివారికి తలుపుకింద తుప్పు కథ కొత్తగా చెప్పాలా? పైన నిగనిగలాడుతూనే వుంటుంది. ఒకనాడు పిల్లవాడు కాలు పెడితే నేల కనబడుతుంది.

పుచ్చిన రేకుని కోసి కొత్త రేకు వెల్డింగు చేయటం ఒక పద్ధతి. పుచ్చినదాని మీద లప్పం పూసి, గీకి, రంగు కొట్టటం యింకో పద్ధతి. రంగు ఆరాక రెండూ ఒక్కలాగే మెరుస్తాయి. ఒకటి ముప్ఫయ్యేళ్ళు నిలుస్తుంది. రెండోది నాలుగు వర్షాకాలాలు. అందుకే తెలిసినవారు జేబులో చిన్న అయస్కాంతం వేసుకుని వెళతారు. దాన్ని మెత్తని గుడ్డలో చుట్టి తలుపు కిందా, చక్రం పైనా ఆనించి చూస్తారు. పట్టుకుంటే రేకు, జారిపోతే లప్పం. అమ్మేవాడికి యిది నచ్చదు. నచ్చకపోవటంలోనే సగం జవాబు వుంది.

నిజమైన పని ఎలా వుంటుందో కూడా చెప్పాలి, అమ్మేవారందరూ మోసగాళ్ళు కారు గనుక. కారుని బోల్టు బోల్టుగా విప్పి, రంగంతా గీకి, ఒట్టి రేకుదాకా తెస్తారు. చెడినంత మేరా కోసి, కొత్త రేకుని కొయ్య అచ్చుమీద సుత్తితో కొట్టి వంపు తెస్తారు. మొదట్లో బెర్తోనే పనివారు బాడీలు చాలామట్టుకు చేతిపనిగా చేశారు. అంచేత ఒక కారు తలుపు తెచ్చి మరో కారుకి పెడితే తరచు అతకదు. ఏ కారు వంపు దానిదే. మన దగ్గర టింకరింగ్ చేసే మేస్త్రీ కనక యీ పని చూస్తే, వాడు నా కులంవాడే అంటాడు. మొత్తం పని వెయ్యి గంటలు దాటటం విశేషం కాదు. పునరుద్ధరణకి అయిన ఖర్చు కారు ధరని మించటమూ విశేషం కాదు.

అంచేత ఇలాంటి కారు కొనేవాడు ముందు అడగవలసింది కారు తాళం కాదు, కాగితాల కట్ట. విప్పినప్పటి ఫోటోలు, రేకు తెరిచినప్పటి ఫోటోలు, బిల్లులు. ఫోటో లేని వెల్డింగుని వెల్డింగుగా లెక్కపెట్టకండి.

ఇక అంకెలు. 1950లనాటి స్ప్రింటు బాడీ నంబరు 1493తో మొదలవుతుంది. ఇంజనుకీ డ్రైవరుకీ మధ్యనున్న అడ్డురేకుమీద దాన్ని చెక్కి వుంచుతారు. మిలాన్ దగ్గర ఆరెసేలో ఆల్ఫా రోమియోవారి దస్తావేజుల భాండారం వుంది. నంబరు రాసి పంపితే, ఆ బండి ఏనాడు తయారైంది, పుట్టినప్పుడు ఏ రంగు, ఎక్కడికి పంపారు అన్నది జాతకంలా తీసి చెబుతారు. ప్రకటనలో "మొదటి రంగు ఎరుపు" అని వుండి, జాతకంలో బూడిద రంగని వస్తే? ఇటలీ కారంటే ఎరుపే అని లోకం నమ్మకం గనుక, పాపం, ఎన్నో బూడిదరంగు జూలియెట్లు ఎర్రచీర కట్టుకున్నాయి.

రంగు మారితే మారింది, ఇంజను మారితే? 1962లో కంపెనీయే ఈ బాడీలో 1600 సీసీల ఇంజను పెట్టి జూలియా అని పేరు మార్చింది. అంచేత పాత 1300 ఇంజను అరిగినప్పుడు యజమానులు 1600 ఇంజను తెచ్చి బిగించటం మామూలైపోయింది. బండి బ్రహ్మాండంగా పోతుంది. దాన్ని నేను తప్పనను. తప్పల్లా ఆ మాట ప్రకటనలో చెప్పకపోవటం. ఇంతకంటె పెద్ద మాయ మరొకటి వుంది. 1956లో స్ప్రింట్ వెలోచే అని పందేలకోసం ఒక రకం చేశారు. బరువు తగ్గించటానికి కొన్ని రేకులు అల్యూమినియం, కిటికీలకి ప్లాస్టిక్ పలకలు, పెద్ద కార్బురేటర్లు రెండు. అవి కొన్నే చేశారు గనుక ధర చాలా ఎక్కువ. మామూలు స్ప్రింటుకి ఆ వేషం వేసి అమ్మటం ఎప్పటినుంచో వున్నదే.

ఇప్పుడు నా మనసులో వున్న సంగతి. మన దగ్గర జీర్ణోద్ధరణ అనే గొప్ప మాట వుంది. గుడి పాడైతే నిలబెట్టాలి, నిజమే. కాని ఉత్సాహం ఎక్కువై శాసనాలమీద సున్నం కొట్టిన గుళ్ళు మీ ఊళ్ళోనూ వుండే వుంటాయి. అమ్మమ్మ కంటెని కరిగించి కొత్త మోస్తరు నెక్లెసు చేయిస్తే బంగారం అమ్మమ్మదే, నగ మాత్రం కాదు. కార్లకీ యిదే జరుగుతోంది. ఫ్యాక్టరీలో గుడ్డా రెక్సినూ వేసిన సీట్లకి మెత్తని తోలు కుడతారు. పుట్టినప్పుడు లేని అద్దంలాంటి మెరుపు తెస్తారు. 1954లో లాటరీ గెలిచినవాడు యిప్పుడు చూస్తే తన కారుని గుర్తుపట్టలేడు. ప్రపంచ పాత కార్ల సంఘాల సమాఖ్య 2013 ప్రాంతంలో టూరిన్ నగరం పేరనే ఒక ఒడంబడిక తెచ్చింది. వున్నదాన్ని కాపాడటం ముందు, మార్చటం తర్వాత; కొత్తగా వేసిన భాగం కొత్తదని తెలిసేలా వుండాలి అని దాని సారాంశం. సంతకాలు అయ్యాయి. ధర మాత్రం మెరుపుకే పలుకుతోంది.

నేను కొనేది లేదు గనుక ధైర్యంగా చెబుతాను. రెండు జూలియెట్లు పక్కపక్కన నిలబెడితే, అద్దంలా మెరిసేదాన్ని వదిలి, డ్రైవరు సీటు అంచు అరిగి, చక్రం పట్టుకునేచోట రంగు పోయినదాన్ని ఎంచుకుంటాను, కింది దూలం గట్టిగా వుంటే.

కొనేవారెవరైనా వుంటే ఒక చివరి మాట. చూడటానికి పొద్దున్నే వెళ్ళండి, చెప్పిన టైముకి ఒక అరగంట ముందే. ఇంజనుమీద చెయ్యి వేసి చూడండి. వెచ్చగా తగిలితే, మీరు వచ్చేలోగా ఎవరో స్టార్టుచేసి పొగ పోగొట్టారన్నమాట. కాఫీ యిస్తే తాగండి, కబుర్లు చెప్పండి, మర్నాడు మళ్ళీ వస్తానని చెప్పి లేవండి. చల్లారిన ఇంజను మొదటిసారి తిరిగినప్పుడు వెనకగొట్టంలోంచి వచ్చే పొగ రంగు చూడాలి. నీలంగా వస్తే లోపల ఆయిలు కాలుతోంది. తెల్లగా వచ్చి ఎంతకీ ఆగకపోతే నీళ్ళు లోపలికి పోతున్నాయి. ఏ రంగూ లేకుండా రెండు నిమిషాల్లో నిలకడగా తిరిగితే, అప్పుడు ధర మాట ఎత్తవచ్చు.