కుక్కపిల్ల నేరము

మా వసతిగృహమున నీ సంవత్సరము మిక్కిలి చర్చింపబడిన విషయము పరీక్షలు కాదు, క్రీడలును గాదు. ఒక కుక్కపిల్ల నేలను తడుపుట. ఇట్టి విషయము పత్రికకు తగునా యని కొందఱు మిత్రులు ముక్కు మూసికొనిరి. నేల తుడువవలసి వచ్చినపుడును వారట్లే చేసియుండిరి గనుక వారి యాక్షేపణమును పాటింపక యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

దసరా సెలవుల పిదప వంటశాల వెనుక దొరికిన యా యాడుపిల్లకు రెండు నెలలకు మించి యీడు లేదు. మొదటి దినములలో మేమందఱము దానికి బంట్లమే. నిద్ర లేచినతోడనే, తిన్నతోడనే, ఆడి యలసినతోడనే యెవరో యొకరు దానిని వేపచెట్టు క్రిందికి గొనిపోవుచుండిరి. నవంబరు కడపటికి వసారా శుభ్రముగా నుండెను. అది మా ప్రజ్ఞయే యని పొంగితిమి. క్రిస్మసునకు ముందు సర్వము తలక్రిందులయ్యెను. ఒకనాడు వసారాలో, ఒకనాడు గ్రంథాలయపు గుమ్మమున, ఒకనాడు ప్రార్థనమందిరపు మెట్లమీద!

అంతట వసతిగృహమున సభ కూడినది. నేర్చినదానిని బుద్ధిపూర్వకముగా విడిచినది గనుక సంతలో వదలిరావలెనని యొక పక్షము. మూతిని తడిలో రాచి బెత్తముతో కొట్టిన బుద్ధి వచ్చునని మఱియొక పక్షము. మొక్కై వంగనిది మానై వంగునా యని రెండవవారు సామెత చెప్పి నెగ్గిరి. మొక్కను వంచుటకు బెత్తముతో కొట్టు తోటమాలిని మేమెన్నడును చూడలేదు. అయినను ఆనాడు మేమును చేతులెత్తినవారమే.

ఇప్పుడు విచారించి చూడగా మా తీర్పు మొదటినుండియు తప్పని తోచుచున్నది. పుట్టిన మూడు వారముల వఱకు కుక్కపిల్ల తల్లి నాకినగాని మలమూత్రములు విడువజాలదు. పిమ్మట పడుకొను చోటు విడిచి దూరముగా పోవుట తనంతట నేర్చును. ఎనిమిది తొమ్మిది వారముల కొక చోటు నేర్పఱచుకొన మొదలిడును. కాని చోటెఱుగుట వేఱు, ఆపుకొను శక్తి వేఱు. రెండు మూడు నెలల పిల్ల పగటివేళ రెండు మూడు గంటలకంటె నాపుకొనుట కష్టము. నాలుగైదు నెలలప్పుడు నేర్చినది మఱచినట్లగపడుట అనేకులు పెంపుడుకుక్కలయందు చూచినదే. ఆడుపిల్లలకు మూత్రమార్గమున నంటు కలుగుటయు నరుదు గాదు. మా పిల్లకు రోగమేమియు లేదని పశువైద్యుడు చెప్పెను. కనుక కారణము మాయొద్దనే వెదకవలసివచ్చెను.

వెదకుటకు దూరము పోనక్కఱలేకపోయెను. డిసెంబరున అర్ధసంవత్సర పరీక్షలు. పుస్తకము విడిచి లేచువాడు లేడు. తిన్న పిల్లను గంటసేపటికి గాని యెవరును తలంపరైరి. దానికి తోడు నాలుగు దినములు ముసురు పట్టగా తడిగడ్డిలో కాలు మోపుటకు అది జంకెను. తడిపిన చోటులను మేము ఫినాయిలుతో కడిగితిమి. ఆ వాసన మన ముక్కును మోసపుచ్చును గాని కుక్కముక్కును మోసపుచ్చదు. పాతవాసన మిగిలిన చోటికే అది మరల పోవును. చాపలను సబ్బునీట నానబెట్టి యెండలో వేయువఱకు ఆ చోటు మారలేదు.

తప్పు చేసిన పిల్ల తలవంచినది గదా, దానికి తెలియదా యని మా మిత్రుల ప్రబలమైన వాదము. 2009లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అను పరిశోధకురాలు దీనినే పరీక్షించెను. నేరము చేయని కుక్కయైనను యజమాని గద్దించినపుడు తలవంచునని తేలెను. అది నేరస్థుని మొగము గాదు, భయపడినవాని మొగము. గంట గడచిన తరువాత పడు దెబ్బకును ఆ తడికిని గల సంబంధము కుక్కకు తెలియదు. బెత్తము పట్టినవానికిని దెబ్బకును గల సంబంధము మాత్రము చక్కగా తెలియును. మా పిల్ల పది దినములలో నేర్చినది రెండే: మమ్ము చూచినతోడనే పాదములయొద్ద తడుపుట, మేము చూడకుండ బియ్యపు బస్తాల చాటునకు పోవుట.

ఇంతటితో ముగించియుందుము. కాని చెప్పవలసినది మఱియొకటి యున్నది. ఆ దినములలో తడిసిన చాపలలో నొకటి కుక్కపిల్ల తడిపినది గాదు. ఆఱవ తరగతిలో నూతనముగా చేరిన యొక చిన్నవాడు రాత్రి నిద్రలో తడిపి, తెల్లవాఱకముందే దానిని కుక్కపిల్ల పండుకొను మూలకు లాగివేసెను. ఉదయమున పిల్లకు దెబ్బలు పడెను. వాడు నిలుచుండి చూచెను. మూడవనాటి రాత్రి వాడే వచ్చి యేడ్చుచు మాతో చెప్పెను. వాని నబద్ధికుడని కొందఱు నిందించిరి. మేము నిందింపజాలము. తడిపినవారికి ఈ యింట నేమి జరుగునో వాడు కన్నులార చూచియుండెను గదా! ఇంటికి దూరమైన పసివారు నిద్రలో పక్క తడుపుట సోమరితనము గాదు, దుర్గుణమును గాదు. మే మేర్పఱచిన బెత్తము కుక్కపిల్లకు మాత్రమే యని మేమనుకొంటిమి, వాడట్లు గ్రహింపలేదు.

నన్నయభట్టారకుని యాదిపర్వమున జనమేజయుని తమ్ములు సరమ కుమారుని నిష్కారణముగా కొట్టిన కథ మేమందఱము చదివినదే. సరమ జనమేజయునియొద్దకు పోయి యడిగెను. మా కుక్కపిల్ల తల్లి యెచట నున్నదో యెవరికిని తెలియదు, అడుగువారు లేరు.

కావున బెత్తము తీర్మానమును రద్దుచేయవలెనని మేము మరల సభలో కోరితిమి. స్వల్పాధిక్యముతో నెగ్గితిమి. సంతకు పంపవలెనను పక్షమువారికి ఏప్రిలు వఱకు గడువిచ్చితిమి. పిల్లను బయటికి గొనిపోవుటకు వంతుల పట్టికయొకటి భోజనశాల గోడకు అంటింపబడినది. రాత్రి పదిగంటల వంతును ఆ చిన్నవాడే యడిగి పుచ్చుకొనెను. అప్పుడే తానును లేచి పోయివచ్చుచున్నాడు. శనివారపు తెల్లవాఱుజాము వంతునకు మాత్రము ఇంకను ఎవరును పేరు వ్రాయలేదు.