‘టేక్’ అనే క్రియ: పర్యాయపదాల వ్యామోహం

పర్యాయపదాలు ఎన్ని కంఠస్థమైతే ఆంగ్లభాష అంతగా పట్టుబడినట్లేనని మన విద్యార్థులలో ఒక నమ్మకం గట్టిగా పాతుకొని ఉన్నది. గైడు పుస్తకాలు ఈ నమ్మకాన్ని పెంచి పోషించాయి. ఇప్పుడు చేతిలోని ఫోను ఆ పనిని ఇంకా సులువుగా చేస్తున్నది. దీనివలన మేలుకన్న కీడే ఎక్కువగా జరుగుతున్నదని నా అభిప్రాయం. నామవాచకాల మాట ఎట్లున్నా, క్రియల విషయంలో ఇది నిజం. అందుకు ‘టేక్’ అనే అతి సామాన్యమైన క్రియను ఉదాహరణగా తీసుకుంటాను. ఇక్కడ ‘స్వీకరిస్తాను’ అన్నా చెల్లుతుంది. ‘పుచ్చుకుంటాను’ అంటే మాత్రం మీరు నవ్వుతారు. ఆ నవ్వు ఎందుకు వస్తుందో ఆలోచింపవలసిందిగా కోరుతున్నాను.

ఒక విద్యార్థి తనకు జ్వరం వచ్చినప్పుడు తండ్రి ఆస్పత్రికి తీసుకుపోయిన సంగతిని వ్యాసంగా వ్రాశాడు. మొదట ‘మై ఫాదర్ టుక్ మి టు ది హాస్పిటల్’ అని సరిగానే వ్రాసి, తరువాత ‘టుక్’ను కొట్టివేసి పైన ‘సీజ్డ్’ అని దిద్దాడు. పోలీసులు దొంగసరుకును పట్టుకున్నట్లు ఆ తండ్రి కొడుకును పట్టుకున్నాడన్నమాట! ఎందుకు దిద్దావని అడిగితే, “టేక్ చిన్నపిల్లల మాట కదా సార్, డిగ్రీలో పెద్ద మాట వ్రాయాలి కదా” అన్నాడు. తన జాబితా చూపించాడు. టేక్ అంటే సీజ్, గ్రాస్ప్, క్యాప్చర్, రిసీవ్, అక్సెప్ట్, అబ్టెయిన్. జాబితాలో అబద్ధమేమీ లేదు. సైన్యం కోటను టేక్ చేస్తే అది క్యాప్చర్. సలహాను టేక్ చేస్తే అది అక్సెప్ట్. కాని ఇంటికి వచ్చిన అతిథిని ‘టేక్ ఎ సీట్’ అనటానికి బదులు ‘సీజ్ ఎ సీట్’ అని ఆహ్వానిస్తే ఆయన గుమ్మంలోనే నిలబడిపోతాడు. బస్సు, మాత్ర, ఫోటో, విశ్రాంతి, వీటన్నింటికీ ‘టేక్’ ఒప్పుతుంది. ఆ జాబితాలోని ఆరు మాటలలో ఒక్కటీ వీటి పక్కన ఆ అర్థంతో నిలువదు.

ఇక చిన్నపిల్లల మాట అనటం సంగతి. స్కాండినేవియానుండి వచ్చి ఇంగ్లండులో స్థిరపడినవారి నోటినుండి ఆంగ్లంలో చేరిన మాట ఇది. అంతకు పూర్వం అక్కడ వాడుకలో ఉన్న ‘నిమన్’ అనే క్రియను ఇది క్రమంగా తరిమివేసింది. ఆ పాత మాటకు మిగిలిన ఆనవాళ్ళలో ‘నమ్’ ఒకటి. అంటే తిమ్మిరి పట్టిన అని అర్థం. మనమూ తిమ్మిరి ‘పట్టింది’ అనే అంటాము. తొమ్మిది వందల సంవత్సరాలకు పైగా పండితులూ పామరులూ వాడుతున్న మాటను డిగ్రీ విద్యార్థి తక్కువగా చూడనక్కరలేదు.

మన పూర్వులు పర్యాయపదాలు వల్లెవేసినవారే కదా అని ఎవరైనా ఆక్షేపించవచ్చు. నిజమే. సంస్కృతం చదివే బాలురు అమరకోశం వల్లించేవారు. తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహాన్ని పద్యాలలో కూర్చాడు. అమీర్ ఖుస్రో పేరుతో ప్రచారంలో ఉన్న ‘ఖాలిక్ బారీ’ని ఫారసీ నేర్చుకొనే పిల్లలు పాడుకొనేవారు. అయితే అమరసింహుని గ్రంథానికి అసలు పేరు నామలింగానుశాసనం. లక్ష్మణకవి గ్రంథం పేరులోనూ ఉన్నది నామమే. సూర్యుని భానుడన్నా భాస్కరుడన్నా వాక్యం చెడదు. క్రియ అట్లా కాదు. తన పక్కన ఉన్న నామాన్ని బట్టి అది మారుతుంది.

మన ఇళ్ళలోనే చూడండి. తెలుగువారు దక్షిణ పుచ్చుకుంటారు, బహుమతి అందుకుంటారు, పదవి స్వీకరిస్తారు, భావం గ్రహిస్తారు, ఊపిరి పీలుస్తారు. ఉర్దూ మాట్లాడేవారు ఊపిరికీ, అప్పుకూ, చివరకు ఒకరి పేరుకూ ‘లేనా’ అనే వాడతారు. తెలుగువారు పేరు ఎత్తేచోట ఉర్దూవారు పేరు ‘తీసుకుంటారు’. ఆంగ్లంలో దానికి ‘మెన్షన్’ అనవలసివస్తుంది. దుకాణం దగ్గర మాత్రం మూడు భాషలూ కలుసుకుంటాయి. ‘కొను’ అనే మాటకు గ్రహించుట అనే అర్థమూ ఉన్నది; చేకొను, గైకొను అన్నప్పుడు వినిపించేది అదే. ఉర్దూలో ‘మోల్ లేనా’ అంటే వెల ఇచ్చి తీసుకోవటం. ఆంగ్లేయుడు కూడ వస్తువు నచ్చితే ‘ఐ విల్ టేక్ ఇట్’ అనే అంటాడు.

పరీక్ష దగ్గర మూడు దారులూ విడిపోతాయి. తెలుగు విద్యార్థి పరీక్ష ‘వ్రాస్తాడు’, ఉర్దూ విద్యార్థి ‘ఇమ్తెహాన్ దేతా హై’, ఆంగ్లేయుడు ‘టేక్’ చేస్తాడు. తెలుగు విద్యార్థి ‘ఐ రోట్ ది ఎగ్జామినేషన్’ అంటే దక్షిణదేశంలో ఎవరూ తప్పుపట్టరు. కెనడాలోనూ, దక్షిణాఫ్రికాలోనూ అట్లా అనటం ఉన్నది. ఉర్దూ విద్యార్థి ‘ఐ గేవ్’ అంటే మాత్రం పరీక్ష పెట్టినవాడు అతడే అని అర్థం వస్తుంది.

నా వద్ద చదివిన ఒక అబ్బాయి ఒక ఉద్యోగపు ఇంటర్వ్యూలో ఈ మాటే అన్నాడు. “అయితే తమరు ఎగ్జామినరా?” అని ఒక పెద్దమనిషి అడిగాడట, మిగిలినవారు నవ్వారట. ఆ తరువాత వారు అడిగిన ప్రశ్నలకు సమాధానాలు తెలిసికూడ అతడు నోరు విప్పలేదు. అతనికి భాష రాక జరిగిన పొరపాటు కాదిది. తల్లిభాషలో పరీక్షకు ఏ క్రియ తోడుగా వస్తుందో దానినే నమ్మకంగా వాడాడు. ఆంగ్లంలో ఆ నామానికి వేరే క్రియ తోడని చెప్పవలసిన మేము, అతని చేత పర్యాయపదాలు వల్లెవేయించాము. ఆ తప్పులో నా వంతు ఉన్నది.

పర్యాయపదాల గ్రంథాలను నిందించటం నా ఉద్దేశం కాదు. వైద్యుడైన రోజెట్ 1852లో ప్రకటించిన ‘థిసారస్’ గొప్ప గ్రంథమే. కాని భావం మనసులో మెదులుతూ, అంతకుముందే తెలిసిన మాట నోటికి రానివానికి అది ఉపకరిస్తుంది. భాష నేర్చుకొనేవానికి కావలసినది వేరు. జపానులో ఆంగ్లం బోధించిన హార్న్‌బీ ఆ సంగతి గ్రహించి, ఏ క్రియ ఏ విధంగా వాక్యంలో ఇముడుతుందో చూపే నిఘంటువును 1942లో టోకియోలో వెలువరించాడు. 1948లో ఆక్స్‌ఫర్డువారు దానిని తిరిగి ప్రచురించారు. కళాశాల కమిటీవారు గైడులకు వెచ్చించే సొమ్ములో కొంత తగ్గించి, ఇటువంటి నిఘంటువుల ప్రతులు పది గ్రంథాలయానికి తెప్పిస్తే బాగుంటుంది.

గోడపత్రికలో వారానికొక క్రియను తెలుగు, ఉర్దూ, ఆంగ్లం అని మూడు గడులలో వ్రాయాలని మేము అనుకున్నాము. ఉర్దూ, తెలుగు విద్యార్థులు ఒకే బల్లమీద కూర్చునే మనవంటి కళాశాలకు ఇది కష్టం కాదు. మొదటిది ‘గివ్’. ‘సీజ్డ్’ అని దిద్దిన అబ్బాయే ఆ కాగితం తయారుచేశాడు. మాట ఇచ్చుట, జబాన్ దేనా, గివ్ వన్స్ వర్డ్ అని మొదటి వరుస చక్కగా కుదిరింది. రెండవ వరుసలో పరీక్ష వచ్చింది. ఆంగ్లపు గడిలో ‘గివ్’ అని వ్రాసి, కొట్టివేసి, పైన ‘టేక్’ అని దిద్దాడు.