మూడొందల కుందేలుకి ఏడుపేంట్రా అన్నవాళ్ళకి



ఈ పోస్టులో మిర్చి రేటు గురించి ఏమీ లేదు. మా ఇంట్లో కుందేలు చచ్చిపోయింది, దాని గురించి రాస్తున్నా. నవ్వొచ్చినవాళ్ళు నవ్వుకుని వెళ్ళిపోండి, ఏమీ అనుకోను. మొన్న టీ కొట్టు దగ్గర ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా. "గేదె పోయినట్టు మొహం పెట్టావేంట్రా, మూడొందల కుందేలుకి" అన్నారు. అక్కడ జవాబు చెప్పలేకపోయా. ఇక్కడ చెప్తా.

మా పాప నాలుగో తరగతి. కిందటేడు సంతలో పట్టుబట్టి కొనిపించుకుంది. తెల్లగా ఉంటుందని దూది అని పేరు పెట్టింది. దానికి గడ్డి వెయ్యడం, నీళ్ళు మార్చడం, రాత్రిపూట గూటి మీద గోతం కప్పడం అన్నీ పాప పనే. మనం గొడ్లని చూసుకున్నట్టే చూసుకుంది, ఇంకా కాస్త ఎక్కువే.

ముందురోజు సాయంత్రం బాగానే మేసింది. తెల్లారి నేను పాలు పిండటానికి లేచి చూస్తే గూట్లో కాళ్ళు చాపి పడుంది. ఒంటి మీద గాటు లేదు, నోట్లో నురగ లేదు. జాలీ ఎక్కడా చిరగలేదు. అసలు ఏమైందో అర్థం కాలేదు.

అప్పుడు నేను చేసిన పని చెప్తా వినండి. పాప లేవకముందే పలుగు తీసుకెళ్ళి పాక వెనక మునగచెట్టు కింద పూడ్చేశా. చూస్తే ఏడుస్తుంది కదా అని. లేచి అడిగితే "రాత్రి చలికి పోయిందమ్మా" అన్నా. మా అమ్మేమో "పోనీలేరా, ఇంటికి రావాల్సిన గండం దాని మీదుగా పోయింది" అంది. నా భార్య ఆదివారం సంతలో ఇంకోటి తెద్దాం అంది. అందరం మంచికే అన్నాం. పది నిమిషాల్లో విషయం అయిపోయింది అనుకున్నాం.

మూడు రోజులు పాప సరిగ్గా అన్నం తినలేదు. మూడో రోజు రాత్రి నా పక్కన పడుకుని మెల్లగా చెప్పింది. "నాన్నా, ఆ రోజు నేను గోతం కప్పడం మర్చిపోయా. నా వల్లే చచ్చిపోయింది."

నాకు నోట మాట రాలేదు. నేను నోటికొచ్చిన కారణం ఒకటి పారేస్తే, ఆ పిల్ల దాన్ని మూడు రోజులు నెత్తిన మోసింది.

అసలు నా మనసులో ఉన్న అనుమానం వేరే. ముందురోజు గడ్డి కోసుకొచ్చింది నేను. గట్టు మీద గరిక. గట్టుకి అవతల చేలో మిరపకి ఆ రోజు పొద్దున మందు కొట్టారని నాకు తర్వాత తెలిసింది. గాలి ఎటు ఉందో నేను చూసుకోలేదు, గడ్డి కడగలేదు. ఆ మాట పైకి చెప్పే ధైర్యం లేక చలి మీద నెట్టేశా.

మర్నాడు పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళా. ఆయన నవ్వలేదు, ముందు అది చెప్పాలి. కుందేలు చలికి తట్టుకుంటుందయ్యా, తట్టుకోలేనిది ఎండకి అన్నారు. ఒళ్ళు బాగోకపోయినా అది బయటికి తెలియనివ్వదట. నక్కా కుక్కా పట్టుకుతినే జీవి కాబట్టి, నీరసం చూపిస్తే ముందు దాన్నే పట్టుకుంటాయి, అందుకే చివరిదాకా మామూలుగానే ఉంటుంది అన్నారు. తిన్నది పడకపోతే కక్కుకోలేదు. పూట మేత మానేసినా, పెంట్రుకలు వెయ్యకపోయినా తెల్లారేదాకా ఆగకుండా తీసుకురావాలి. రాత్రి కుక్క వచ్చి గూడు గీరినా ఆ భయానికే గుండె ఆగిపోవచ్చు. "మరి మందు పడిన గడ్డి?" అన్నా. "అయ్యుండొచ్చు, కాకపోవచ్చు. ఆ రోజే తెచ్చుంటే కోసి చూసేవాణ్ణి. ఇప్పుడేం చెప్పను?" అన్నారు.

ఆలోచించండి. మనకి గేదె పోతే ఏం చేస్తాం? డాక్టరుకి ఫోన్ చేస్తాం, చెవి ట్యాగుతో ఫోటో తీస్తాం, ఇన్సూరెన్స్ ఉంటే పోస్టుమార్టం చేయిస్తాం. ఊళ్ళో నలుగురూ వచ్చి కూర్చుంటారు. చేలో నాలుగు మొక్కలు వాడిపోతే పీకి వేరు చూస్తాం, కాండం చీల్చి చూస్తాం, పది మందిని అడుగుతాం. అలాంటివాణ్ణి, ఇంట్లో పిల్ల ప్రాణంగా పెంచుకున్న జీవి పోతే నిమిషంలో కారణం తేల్చేసి మట్టి కప్పేశా. మూడొందలు కాబట్టే కదా?

అందుకని నా అభిప్రాయం ఇది. మీ ఇంట్లో కుందేలో, కుక్కో, చిలకో హఠాత్తుగా పోతే పిల్లలకి అబద్ధపు కారణం చెప్పకండి. దిష్టి, గండం, చలి, ఏదీ వద్దు. గండం మాట పెద్దవాళ్ళకి ఊరటేమో గానీ, మా పాప ఆ మాట విని "అంటే మన కోసం చచ్చిపోయిందా నానమ్మా?" అని అడిగింది. మా అమ్మ దగ్గర జవాబు లేదు. తెలియకపోతే తెలియదు అనండి. చూస్తానంటే చూడనివ్వండి, పూడ్చేటప్పుడు పక్కన ఉండనివ్వండి. "నాకు చూపించకుండా ఎందుకు పూడ్చావు నాన్నా" అన్న మాట నాకింకా గుచ్చుకుంటూనే ఉంది. వెంటనే ఇంకోటి కొనుక్కురావద్దు. గిన్నె పగిలితే గిన్నె తెచ్చినట్టు కాదు ఇది.

కారణం తెలుసుకోవాలని ఉంటే ఆలస్యం చెయ్యకండి. ఒట్టి చేత్తో పట్టుకోకుండా కవర్లో చుట్టి, చుట్టూ ఐసు పెట్టి ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. ఫ్రీజర్లో గడ్డకట్టించొద్దు, లోపలి భాగాలు పాడైతే చూడటానికి ఏమీ మిగలదు. తిన్న గడ్డి మిగిలుంటే అదీ ఒక పిడికెడు తీసుకెళ్ళండి. అంత చేసినా ఒక్కోసారి కారణం దొరకదు, డాక్టరు అది కూడా చెప్పారు.

ఆ రాత్రి పాపకి అంతా చెప్పా. గోతం వల్ల కాదమ్మా, కుందేలుకి చలేమీ చెయ్యదంట, చలికి పోయిందని నేను అబద్ధం చెప్పాను, నేను తెచ్చిన గడ్డి వల్లేమోనని నాకు అనుమానం, కానీ నిజంగా ఏమైందో నాకు తెలియదు అన్నా. తిడుతుందేమో అనుకున్నా. "దానికి నొప్పి పుట్టిందా?" అని మాత్రం అడిగింది. అదీ తెలియదమ్మా అన్నా. ఇద్దరం ఏడ్చాం. పొద్దున లేచి అన్నం అడిగింది.

పక్క చేను అన్న మీద నాకేం కోపం లేదు. ఆయన పంట ఆయన కాపాడుకున్నాడు, నేనూ కొడతాను మందు, ఎప్పుడైనా ఎవరికైనా చెప్పి కొట్టానా? ఇప్పుడు మేమిద్దరం ఒక మాట అనుకున్నాం. మందు కొట్టే రోజు ముందురోజు రాత్రే ఒక ఫోన్. గట్టు మీద ఒక పాత గుడ్డ కడతాం, అది ఉన్నన్ని రోజులు అక్కడ ఎవరూ గడ్డి కొయ్యరు, గొడ్డు తోలరు. మీ గట్ల మీద కూడా కట్టండి.