లియు షియాంగ్ మడమ

2008 ఆగస్టు 18న బీజింగ్‌లో లియు షియాంగ్ వెనుదిరిగిన దృశ్యం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 110 మీటర్ల హర్డిల్స్, మొదటి రౌండు. వేరొకరెవరో ముందుగా కదలడంతో పరుగు ఆపేశారు. నాలుగడుగులు వేసిన లియు మళ్ళీ బరిలో నిలబడలేదు. కుంటుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. 2004 ఏథెన్స్‌లో 12.91 సెకన్లతో ప్రపంచ రికార్డును సమం చేసి, 2006లో 12.88తో దాన్ని దాటినవాడు! అతని కోసమే వచ్చినవాళ్ళు లేచి వెళ్ళిపోయారు. శిక్షకుడు సున్ హైపింగ్ విలేకరుల ఎదుటే విలపించాడు. అతని దేశంలోనే కొందరు పారిపోయాడని నిందించారు.

నా దృష్టిలో ఆ రోజు అతడు చేసిందే సరైన పని.

చెడినది కుడి మడమ పైనుండే అకిలిస్ టెండన్. వాడుకలో నరమనేస్తాం గానీ అది నరం కాదు, పిక్క కండరాన్ని మడమ ఎముకకు కట్టిన మోకు. ఈ పందెంలో 106.7 సెంటీమీటర్ల ఎత్తున్న హర్డిళ్ళు పది. ఒకదానికీ మరొకదానికీ నడుమ 9.14 మీటర్లు, అందులో పట్టేవి మూడే అడుగులు. అడుగడుగునా శరీరం బరువుకు ఎన్నో రెట్ల భారం ఆ మోకు మీద పడుతుంది. సాధనతో కండరం వారాల్లో బలపడుతుంది. రక్తప్రసరణ తక్కువగా ఉండే టెండన్‌కు నెలలు పడుతుంది. ఈ ఎడాన్ని పట్టుదలతో పూడ్చడం ఎవరి తరమూ కాదు.

ఆ డిసెంబరులో శస్త్రచికిత్స జరిగింది. 2009 సెప్టెంబరులో షాంఘైలో మళ్ళీ పరుగెత్తాడు. 2011 దేగు ప్రపంచ పోటీల్లో రజతం. (రోబ్లెస్ చేయి తగలకపోతే అది స్వర్ణమేనని నా పేచీ. అది వేరే కథ.)

2012 ఆగస్టు 7, లండన్. మడమ మళ్ళీ బాధిస్తున్నా దిగాడు. మొదటి హర్డిలుకే తగిలి పడ్డాడు, టెండన్ తెగింది. ఒంటికాలితో గెంతుతూ చివరిదాకా వెళ్ళి, ఆఖరి హర్డిలును ముద్దుపెట్టుకున్నాడు. ఈసారి చప్పట్లు! గాయం సంగతి తమకు ముందే తెలుసునని చైనా ప్రభుత్వ టీవీ వ్యాఖ్యాత తరువాత చెప్పినట్టు వార్తలు వచ్చాయి. అవి చదివినప్పుడు నాకు కలిగింది జాలి కాదు, కోపం.

1992 బార్సిలోనాలో తండ్రి భుజం ఆసరాతో కుంటుతూ గీత దాటిన డెరెక్ రెడ్మండ్‌ను చూసి నేనూ కళ్ళు తుడుచుకున్నవాణ్ణే. కానీ అలా కుంటినవాణ్ణి వీరుడన్న నోటితోనే ఆగినవాణ్ణి పిరికివాడంటే, తరువాతివాడు ఆగడానికి జంకడా?

లండన్ తరువాత లియు మరే పోటీలోనూ పరుగెత్తలేదు. 2015 ఏప్రిల్‌లో, 31 ఏళ్ళ వయసులో, విరమణ ప్రకటించాడు.